కాలనీ వీధికి వేగపరిమితిని ఎవరు, దేనినిబట్టి నిర్ణయిస్తారు?

ప్రశ్న: కాలనీ సంఘం కార్యదర్శి

నమస్కారం. హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఉన్న మా కాలనీ నడుమ నుంచి 40 అడుగుల రోడ్డు ఒకటి వెళ్తుంది. గుంతలతో ఉన్నంతకాలం బయటివారెవరూ అటువైపు వచ్చేవారు కాదు. సిమెంటు రోడ్డు వేసిన తరువాత, మెయిన్ రోడ్డు మీది సిగ్నల్‌ను తప్పించుకోవడానికి అది అందరికీ అడ్డదారి అయింది. ఫోన్లలోని మ్యాపులు కూడా ఆ దారినే చూపిస్తున్నాయి. రెండు పక్కలా కార్లు నిలిపి ఉంటాయి, గేటు గేటుకూ ర్యాంపు రోడ్డు మీదికి పొడుచుకు వచ్చి ఉంటుంది. ఫుట్‌పాత్ అన్న మాటే లేదు కనుక బడి పిల్లలూ, పాల ప్యాకెట్ల కోసం పొద్దున్నే బయటికి వచ్చే పెద్దవారూ నడిరోడ్డు మీదనే నడవవలసి వస్తున్నది. వారి మధ్య నుంచి నీళ్ల ట్యాంకర్లు, క్యాబులు, డెలివరీ బండ్లు దూసుకుపోతున్న తీరు చూస్తే గుండె ఝల్లుమంటున్నది.

ఇటీవల జరిగిన సంఘం సమావేశంలో ఈ విషయం మీద చాలాసేపు వాదోపవాదాలు జరిగాయి. చందాలు వేసుకొని ‘వేగం 20 కి.మీ. మించరాదు’ అని రెండు చివరలా బోర్డులు పెట్టించుదామని కొందరు అన్నారు. బోర్డును ఎవరూ చూడరని, మిగిలిపోయిన కాంక్రీటుతో నాలుగు స్పీడ్ బ్రేకర్లు వేయిస్తే సరిపోతుందని మరికొందరు అన్నారు. నేను ఒక కార్యాలయానికి వెళ్లి అడిగితే, ముందు ఆ రోడ్డు మీద బండ్లు ఇప్పుడు ఎంత వేగంతో వెళ్తున్నాయో కొలవాలని, ఆ కొలతనుబట్టే పరిమితి నిర్ణయమవుతుందని చెప్పి పంపించారు. జనం అతివేగంగా పోతున్నారని ఫిర్యాదు చేస్తే, ఆ అతివేగాన్నే కొలిచి దానినే పరిమితిగా పెట్టడమేమిటో నాకు బోధపడలేదు.

అందుచేత తెలిసినవారిని అడుగుతున్నాను: ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? దానిని నిర్ణయించే అధికారం ఎవరికి ఉంది? మా సంఘం పెట్టుకున్న బోర్డుకు విలువ ఉంటుందా?

జవాబు: హైకోర్టు న్యాయవాది

కార్యదర్శి గారూ, మీ చివరి రెండు ప్రశ్నలకు మాత్రమే నేను జవాబు చెప్పగలను. మొదటిది ఇంజనీర్లు చెప్పవలసిన సంగతి.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షన్ ఈ విషయానికి మూలం. దాని మొదటి ఉపసెక్షన్ ప్రకారం దేశమంతటికీ వర్తించే గరిష్ఠ వేగాలను కేంద్రం నిర్ణయిస్తుంది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన నోటిఫికేషన్‌లో మునిసిపల్ పరిధిలోని రోడ్లకు కార్లకు 70, ద్విచక్ర వాహనాలకు 60, ఆటోలకు 50 కిలోమీటర్లు అని ఉంది. కాలనీ సందులో గంటకు 70 కిలోమీటర్లా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. అది పై హద్దు మాత్రమే. ఆ లోపల ఏ రోడ్డుకు ఎంత అన్నది రాష్ట్రం చూసుకోవలసిన పని. రెండవ ఉపసెక్షన్ ఆ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థకు ఇస్తున్నది. ప్రజల భద్రత లేదా సౌకర్యం దృష్ట్యా గాని, రోడ్డు లేదా వంతెన స్వభావంవల్ల గాని అవసరమని తోస్తే, గెజెట్‌లో నోటిఫై చేసి, 116వ సెక్షన్ ప్రకారం సూచిక బోర్డులు పెట్టించి, తక్కువ పరిమితిని విధించవచ్చు. ఈ రెండూ జరగాలి: గెజెట్‌లో ఉండి రోడ్డు మీద బోర్డు లేకపోతే ఒక చిక్కు, బోర్డు ఉండి గెజెట్‌లో లేకపోతే ఇంకొక చిక్కు. పరిమితి నెల రోజులకు మించి ఉండనప్పుడు మాత్రం నోటిఫికేషన్ అక్కరలేదు.

ఈ అధికారంతోనే జీహెచ్ఎంసీ పరిధికి రాష్ట్ర ప్రభుత్వం వేగాలను ఖరారు చేసింది. కార్లకు డివైడర్ ఉన్న రోడ్ల మీద 60, డివైడర్ లేని రోడ్ల మీద 50. బస్సులు, లారీలు, ఆటోలు, ద్విచక్ర వాహనాలకు అవే రోడ్ల మీద 50, 40. కాలనీ రోడ్ల మీద అన్ని వాహనాలకూ 30. కనుక మీరు కోరుకునే పరిమితి కాగితం మీద ఇప్పటికే ఉన్నట్టు లెక్క. అసలు పేచీ ఎక్కడంటే, మీ 40 అడుగుల రోడ్డు ‘కాలనీ రోడ్డు’ అవుతుందా, ‘డివైడర్ లేని రోడ్డు’ అవుతుందా అన్న దగ్గర. మొదటిది అయితే కారుకు 30, రెండవది అయితే 50. మధ్య నుంచి బయటి వాహనాలు వెళ్తున్నాయి కనుక అది కాలనీ రోడ్డు కాదని ఎవరైనా వాదించే వీలుంది. మీ అర్జీ అంతా ఈ ఒక్క అంశం మీద నిలబడాలి.

మీ సంఘం బోర్డు సంగతి. చట్టప్రకారం పెట్టిన పరిమితి బోర్డు గుండ్రంగా, తెల్లటి నేల మీద ఎర్రటి అంచుతో, మధ్యలో నల్లటి అంకెతో ఉంటుంది. కాలనీల ముఖద్వారాల దగ్గర, కింద ఏదో మిఠాయి దుకాణం ప్రకటనతో కనిపించే ‘గో స్లో’ బోర్డులు మర్యాదపూర్వకమైన విన్నపాలే తప్ప, వాటిని మీరినందుకు ఎవరికీ జరిమానా పడదు. జరిమానా సంగతి వచ్చింది కనుక 183వ సెక్షన్ కూడా చెప్తాను. 2019 సవరణ తరువాత చట్టంలో కారు వంటి తేలికపాటి వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా ఉంది. అయితే ‘నా కళ్లతో చూశాను, చాలా వేగంగా పోయాడు’ అన్న ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ శిక్షించడానికి వీల్లేదు. పరికరంతో కొలిచి ఉండాలి. స్పీడ్ గన్ రాని వీధిలో పరిమితి ఉన్నా ఆచరణలో దాని బలం తక్కువే. అయితే పరిమితిలోపే నడిపినా, మనుషులకు హాని కలిగేటంత నిర్లక్ష్యంగా నడిపితే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ వర్తిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

జవాబు: విశ్రాంత రహదారుల ఇంజనీరు

న్యాయవాది గారు చట్టం గురించి చక్కగా చెప్పారు. అంకె సంగతి నేను చెప్తాను.

ఆ కార్యాలయంలో మీకు చెప్పినది పూర్తిగా కల్పన కాదు. దానిని మా వృత్తిలో 85వ పర్సంటైల్ పద్ధతి అంటారు. ముందు బండి అడ్డు లేకుండా, తన ఇష్టప్రకారం పోతున్న వాహనాల వేగాలను కొలుస్తారు. నూరింటిలో 85 వాహనాలు ఏ వేగాన్ని మించకుండా పోతున్నాయో చూసి, దానికి దగ్గరలో ఉన్న రౌండ్ ఫిగర్‌ను పరిమితిగా పెడతారు. చాలామంది డ్రైవర్లు వివేకం కలవారే, రోడ్డును చూసి తగిన వేగాన్ని వారే ఎంచుకుంటారు, మిగిలిన 15 మందినే అదుపు చేస్తే చాలు అన్నది దీని వెనుక ఉన్న ఊహ. అమెరికాలో ఊళ్లకు దూరంగా ఉండే పొడవాటి రహదారుల కోసం పుట్టిన ఆలోచన ఇది. అక్కడ అది అర్థవంతమైనదే. అందరూ ఇంచుమించు ఒకే వేగంతో పోతే ఒకరినొకరు దాటవలసిన అవసరం తగ్గుతుంది.

కాలనీ వీధికి దానిని తెచ్చి పెట్టడంలోనే తప్పు ఉంది. ఆ నూరు కొలతలలో నడిచేవారు ఎవరూ ఉండరు. బంతి కోసం పరుగెత్తే పిల్లవాడు ఏ వేగాన్ని భరించగలడన్న లెక్క అందులో ఎక్కడా రాదు. పైగా డ్రైవర్ ఎంచుకునే వేగం అతని వివేకం కంటే రోడ్డు వెడల్పు మీదా, నునుపు మీదా, చూపు ఎంత దూరం సాగుతుందన్న దాని మీదా ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. మీ రోడ్డు గుంతలతో ఉన్నప్పుడు కొలిచి ఉంటే 20 వచ్చేది, ఇప్పుడు కొలిస్తే 45 రావచ్చు. ఈ మధ్యలో అక్కడి మనుషులు ఏమీ మారలేదు. అమెరికాలోనే జాతీయ రవాణా భద్రతా బోర్డు 2017లో ఈ పద్ధతికి ఇస్తున్న ప్రాధాన్యాన్ని విమర్శించింది. 2023 చివరలో వెలువడిన ఆ దేశపు కేంద్ర నిబంధనావళి కూడా, పరిమితి నిర్ణయించేటప్పుడు చుట్టుపక్కల నివాసాలను, నడిచేవారిని, సైకిళ్లను, గత ప్రమాదాలను లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది.

రెండవ పద్ధతి, రోడ్డు దేనికోసం ఉన్నదో ముందు తేల్చుకొని, ఆ పనికి తగిన వేగాన్ని నిర్ణయించి, ఆపైన రోడ్డును ఆ వేగానికి అనుగుణంగా కట్టడం. ఇది మనకు కొత్త కాదు. 1983 నాటి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలలోనే నగర రోడ్లను నాలుగు తరగతులుగా విడదీసి, ప్రధాన రోడ్లకు 80, ఉపప్రధాన రోడ్లకు 60, కలెక్టర్ వీధులకు (చిన్న వీధుల రాకపోకలను పెద్ద రోడ్లకు చేర్చేవాటికి) 50, స్థానిక వీధులకు 30 అని డిజైన్ వేగాలు ఇచ్చారు. స్థానిక వీధికి 30 అన్న మాట మన పుస్తకాలలో నలభై ఏళ్లకు పైగా ఉన్నదే. కాకపోతే కాంట్రాక్టరు సిమెంటు పోసేటప్పుడు గోడ నుంచి గోడ దాకా పోసి పోతాడు. ఆ వెడల్పు చూసిన డ్రైవరుకు అది హైవే లాగానే కనిపిస్తుంది.

30 అన్న అంకె ఎందుకు అన్నది మీరే లెక్క వేసుకోవచ్చు. ప్రమాదాన్ని గమనించి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. 30 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ సెకనులో 8.3 మీటర్లు, తరువాత పొడి రోడ్డు మీద బ్రేకుకు మరో 5 మీటర్లు వెళ్లి, మొత్తం 13 మీటర్ల చిల్లరలో ఆగిపోతుంది. అది మీ రోడ్డు వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. అదే కారు 50తో వస్తూ ఉంటే, ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వెళ్తుంది. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట రెండవ కారుకు ఇంకా బ్రేకే పడలేదు. అక్కడ మనిషి ఉంటే పూర్తి 50తోనే తగులుతుంది. తాకిడి శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక, 50తో తగిలే దెబ్బలో 30తో తగిలే దెబ్బకంటే దాదాపు 2.8 రెట్ల శక్తి ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం, నడిచేవారు వాహనాలతో తరచుగా కలిసిపోయే చోట గరిష్ఠంగా 30 ఉండాలని ప్రకటించడానికి కారణం ఈ లెక్కే. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లోనే నివాస ప్రాంతాలన్నిటికీ 30 పెట్టింది.

మిగిలిపోయిన కాంక్రీటుతో స్పీడ్ బ్రేకర్లు వేయించే ఆలోచనను మాత్రం దయచేసి మానుకోండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1988లో తెచ్చిన 99వ ప్రమాణంలో చెప్పిన గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండేది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాని మీదుగా పోతే బండి సాఫీగా ఎక్కి దిగుతుంది, అంతకంటే వేగంగా పోతే కుదుపు తెలుస్తుంది. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, హంప్ మీద నలుపు తెలుపు పట్టీలు ఉండాలి. కాలనీలవారు వేసుకునేవి అడుగు వెడల్పుతో గోడలాగా లేస్తాయి. వాటి మీద 10తో పోయినా ఆటోలో ఉన్న గర్భిణికి, అంబులెన్సులో ఉన్న రోగికి బాధే. రాత్రిపూట రంగు వెలిసిపోయిన దానిని చూడక స్కూటర్ మీద పడిపోయినవారు మీకూ తెలిసే ఉంటారు.

నా ఉద్దేశంలో వేగాల సర్వే చేయించడం మంచిదే, కాని అంకెను నిర్ణయించడానికి కాదు. ఏ భాగంలో బండ్లు ఎక్కువ వేగం పుంజుకుంటున్నాయో తెలుసుకొని హంపులు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి.

మళ్లీ కార్యదర్శి

ఇద్దరికీ ధన్యవాదాలు. మా సభ్యులలో ఎక్కువమంది 20 కావాలంటున్నారు. ఇంజనీరు గారి లెక్క ప్రకారం వేగం తగ్గినకొద్దీ మంచిదే కదా, మరి 30 దగ్గర ఎందుకు ఆగాలి? ఇంకొక సందేహం: రోడ్డులో ఏ మార్పూ చేయకుండా బోర్డు ఒక్కటే పెడితే ఏమైనా ఉపయోగం ఉంటుందా, లేక అది డబ్బు దండగేనా?

జవాబు: సియాటిల్‌లో నివసించే తెలుగువాడు

మీ రెండవ సందేహానికి నేను ఉండే దేశం నుంచి ఒక ఆధారం చూపగలను. బోస్టన్ నగరం 2017 జనవరిలో పరిమితిని గంటకు 30 మైళ్ల నుంచి 25కు, అంటే సుమారు 48 కిలోమీటర్ల నుంచి 40కి తగ్గించింది. హైవే భద్రత మీద పనిచేసే బీమా సంస్థల పరిశోధనా విభాగం ముందూ తరువాతా కొలిచి చూసింది. 25 మైళ్లు దాటిపోయే అవకాశం 2.9 శాతమే తగ్గింది, 30 దాటే అవకాశం 8.5 శాతం తగ్గింది, 35 దాటే అవకాశం మాత్రం 29.3 శాతం తగ్గింది. సగటు డ్రైవరు పెద్దగా మారకపోయినా, మరీ విచ్చలవిడిగా పోయేవారు గణనీయంగా తగ్గారన్నమాట. పిల్లలను చంపేది ఆ చివరి కోవలోని వేగమే కనుక, నా దృష్టిలో బోర్డు డబ్బు దండగ కాదు. అయితే అక్కడి పోలీసు పహరా, లైసెన్సు పోతుందన్న భయం వేరు. ఆ అంకెలు యథాతథంగా హైదరాబాదుకు వర్తిస్తాయని అనను.

మా సియాటిల్ కథ అధికారం ఎవరిదన్న ప్రశ్నకు సంబంధించినది. ఒకప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో ఏ నగరమైనా నివాస వీధి పరిమితిని 25 మైళ్లకంటే తగ్గించాలంటే ఇంజనీరింగ్ అధ్యయనం జరిపించాలి, అది వీధి వీధికీ జరగాలి. 2013లో రాష్ట్ర శాసనసభ ఆ షరతును తీసివేసి, ప్రధాన మార్గాలు కాని వీధులకు 20 మైళ్లు పెట్టుకునే స్వేచ్ఛను నగరాలకు ఇచ్చింది. 2016లో సియాటిల్ నగర మండలి నివాస వీధులన్నిటికీ ఒక్క తీర్మానంతో 20 మైళ్లు, అంటే సుమారు 32 కిలోమీటర్లు ఖరారు చేసింది. మిన్నెసోటా రాష్ట్రం 2019లో అటువంటి చట్టమే చేయగా, మరుసటి ఏడాదే మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ నగరాలు 20కి దిగాయి. ఒక్కొక్క వీధికి ఒక్కొక్క ఫైలు నడిపితే ఎన్ని తరాలు గడవాలో మన ఊళ్లవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి, ఇక్కడి నివాస వీధులు పరిమితి తగ్గించక ముందు నుంచీ నెమ్మదిగానే ఉండేవి. ఎన్నో దశాబ్దాలుగా నగరం వీధికూడళ్ల మధ్యలో చిన్న చిన్న గుండ్రటి అరుగులు కడుతూ వచ్చింది. ఇప్పుడవి వెయ్యికి పైగా ఉన్నాయి. మా ఇంటి దగ్గర ఉన్నదాని మధ్యలో ఒక చెట్టు, చుట్టూ ఇరుగుపొరుగువారు నాటిన పూలమొక్కలు ఉంటాయి. దాని చుట్టూ తిరిగి పోవలసిందే కనుక నేరుగా దూసుకుపోవడం ఎవరివల్లా కాదు. రోడ్డుకు ఇరువైపులా కార్లు నిలిపి, మధ్యలో ఒక్క కారు పట్టేంత చోటే మిగలడంవల్ల ఎదురుగా బండి వస్తే ఒకరు పక్కకు తప్పుకొని ఆగాలి. మీ 40 అడుగుల రోడ్డులో నాలుగు రోడ్లు కలిసే కూడళ్లు ఉంటే ఈ అరుగుల సంగతి ఆలోచించండి, ట్యాంకరు తిరిగేంత చోటు మాత్రం వదిలేలా చూసుకోవాలి.

జవాబు: క్యాబ్ నడిపేవాడిని

అందరూ కాలనీవారి పక్షాన మాట్లాడారు కనుక రెండో పక్షం మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. 30 పెట్టడం మీద నాకు అభ్యంతరం లేదు. 20 అంటే మాత్రం మొదటి రోజు నుంచే ఎవరూ పాటించరు, పాటించని అంకె ఒకటి ఉంటే పక్క వీధిలోని అంకెకు కూడా విలువ పోతుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2023 సెప్టెంబరులో జనావాసాల రోడ్లకు సాధారణ పరిమితిని 30 మైళ్ల నుంచి 20కి, అంటే సుమారు 48 కిలోమీటర్ల నుంచి 32కి దించినప్పుడు, దానికి వ్యతిరేకంగా వచ్చిన అర్జీ మీద నాలుగున్నర లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. గాయపడేవారి సంఖ్య తగ్గిందని లెక్కలు తేలినా, కొన్ని ముఖ్యమైన రోడ్లను తిరిగి 30 మైళ్లకు మార్చే వెసులుబాటు ప్రభుత్వం కల్పించవలసి వచ్చింది. ఆ అభ్యంతరం ప్రధానంగా ఇళ్ల మధ్య సందుల గురించి కాదు, ఊరు దాటించే రోడ్లకు కూడా అదే అంకె తగిలించడం గురించి.

ఇంకొక మాట. డెలివరీ కుర్రవాడిని గాని, నన్ను గాని మీ సందులోకి పంపేది ఫోన్‌లోని మ్యాపు. మెయిన్ రోడ్డు మీది సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే ఎంతసేపు ఆగాలో చూసి, అక్కడ సమయం సరిచేయమని ట్రాఫిక్ పోలీసులను అడగండి. అడ్డదారిలో కలిసివచ్చేది ఏమీ లేకపోతే మీ కాలనీలోకి రమ్మన్నా ఎవరూ రారు.

జవాబు: విశ్రాంత రహదారుల ఇంజనీరు

క్యాబ్ సోదరుడు సిగ్నల్ గురించి చెప్పిన మాటను అర్జీలో తప్పకుండా చేర్చండి. మాలో చాలామందికి తట్టని విషయం అది.

కార్యదర్శి గారూ, 20 సంగతి. బడి గేటు ముందు, గుడి మలుపు దగ్గర, ఒక వంద మీటర్ల మేర 20 అడగవచ్చు. అక్కడ కారణం కళ్లకు కనిపిస్తుంది కనుక డ్రైవరు కూడా ఒప్పుకుంటాడు. మొత్తం రోడ్డుకు మాత్రం ఇప్పటికే ప్రభుత్వం ఒప్పుకున్న 30నే పట్టుకోండి. కొత్త అంకె అడిగితే కొత్త నోటిఫికేషన్ కావాలి, ఉన్న అంకెను అమలు చేయమంటే బోర్డులు చాలు. అర్జీని జోనల్ కార్యాలయంలోని ఇంజనీరింగ్ విభాగానికీ, మీ ప్రాంతపు ట్రాఫిక్ పోలీసు అధికారికీ ఒకేసారి ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోండి. ఒకరికే ఇస్తే ‘అది వారి పని’ అన్న జవాబు వస్తుంది. రోడ్డు పటం ఒకటి గీసి, అందులో బడి, పాల కేంద్రం, కూడళ్లు, పిల్లలు రోడ్డు దాటే చోట్లు గుర్తించి, మొదటి వాక్యంలోనే ‘ఇది కాలనీ రోడ్డు, దీనికి 30 వర్తిస్తుందని ధ్రువీకరించి బోర్డులు పెట్టించండి’ అని రాయండి. ప్రతి ప్రవేశం దగ్గరా గుండ్రటి బోర్డు, ఐఆర్‌సీ కొలతల ప్రకారం హంపులు, మిగులు వెడల్పులో ఒక పక్కనైనా ఫుట్‌పాత్ అడగండి. గేట్ల ముందున్న ర్యాంపులను మీ సభ్యులు ముందుగా వెనక్కి తీయించుకుంటే తప్ప ఆ ఫుట్‌పాత్‌కు చోటు రాదు, సమావేశంలో ముందు తేల్చవలసినది అదే.